నా ఫ్లెక్సీకి పడిన బంతిపూల దండ

పాట పాడి జనాన్ని ఏడిపించిన గాయకులు చాలామంది ఉంటారు. పాట మొదలుపెట్టక ముందే, అసలు స్టేజీ ఎక్కక ముందే, జనాన్ని ఏడిపించి, తెల్లబట్టలు కట్టించి హాలుకు రప్పించిన ఘనుణ్ణి మాత్రం విజయవాడ మొత్తం మీద నేనొక్కణ్ణే. ఇప్పుడంటే ఇలా గర్వంగా చెప్పుకుంటున్నాను గానీ, ఆ రోజు భూమి చీలితే అందులోకి దిగిపోదామనిపించింది. వన్ టౌన్‌లో భూమి చీలడానికి మాత్రం ఖాళీ ఎక్కడుంది, అన్నీ కొట్లే కదా.

తప్పు పూర్తిగా నాదే. ఫ్లెక్సీ షాపు ఆయనది కాదు, నా స్నేహితుడు విక్టర్‌ది అంతకన్నా కాదు. హాయిగా నవ్వుకోండి. మధ్యలో మా అమ్మ ఏడ్చిన చోట కాస్త ఆగితే చాలు.

అప్పటికి చదువైపోయి, ఉద్యోగం దొరక్క ఖాళీగా ఉన్నాను. కాదులెండి, నిజం చెప్పేస్తాను, ఉద్యోగం వెతక్క ఖాళీగా ఉన్నాను. జుట్టు భుజాల దాకా, జ్ఞానం చీలమండల దాకా ఉండేవి. 'కరకట్ట' అనే ఆల్టర్నేటివ్ రాక్ బ్యాండుకి ఫ్రంట్‌మన్‌ని. ఫ్రంట్‌మన్ అంటే ఏంటని మా అమ్మ అడిగితే "అందరికన్నా ముందు నిలబడి పాడేవాడమ్మా" అన్నాను.

"అంటే టమాటాలు ముందు తగిలేది నీకేనన్నమాట" అన్నారు మా నాన్న, పేపర్లోంచి తల ఎత్తకుండా.

మాది ఇబ్రహీంపట్నం. మా నాన్న అక్కడి థర్మల్ స్టేషన్‌లో చేసి రిటైరయ్యారు. జీవితమంతా బాయిలర్ల పక్కన గడిపినందువల్లనో ఏమో, ఆయన ఎంత మండిపోతున్నా పైకి చల్లగానే మాట్లాడతారు. మా ఇంట్లో అందరికీ భయం ఆ చల్లదనం అంటేనే.

బ్యాండులో ముగ్గురం. గిటారు సలీంది. వాళ్ళ నాన్న బాషా గారిది వన్ టౌన్‌లో ఎండుమిర్చి వ్యాపారం. డ్రమ్స్ విక్టర్‌వి. చిన్నప్పటినుంచీ చర్చిలో వాయించి వాయించి చెయ్యి తిరిగినవాడు. ఒకరోజు ముగ్గురం కృష్ణా కరకట్ట మీద కూర్చుని మొక్కజొన్న పొత్తులు తింటూ, సినిమా పాటలు పాడేవాళ్ళు ఊరినిండా ఉన్నారు, మనం మన బాధ పాడదామని తీర్మానించుకున్నాం. మాకు బాధలేమున్నాయని అడక్కండి. మా అమ్మ కూడా అదే అడిగేది.

ప్రాక్టీసు బాషా గారి మిర్చి గోడౌన్‌లో. ఆయన మంచి మనిషి కాబట్టి ఊరికే ఇచ్చారు. మిర్చి మాత్రం ఎవరినీ ఊరికే వదలదు. గంటసేపు పాడేసరికి ముగ్గురికీ కళ్ళు చింతనిప్పులయ్యేవి, ముక్కులు కృష్ణా కాలవలయ్యేవి. మా మొదటి రికార్డింగు వింటే డ్రమ్ముల కన్నా సలీం తుమ్ములే కచ్చితంగా తాళంలో పడ్డాయి.

ఇక మా కచేరీల సంగతి. ఒక కాలేజీ ఫెస్టులో మా మొదటి పాట సగంలో ఉండగా కరెంటు పోయింది. మేము దిగిపోయిన మరుక్షణం వచ్చింది. గుడివాడ దగ్గర ఒక ఓణీల ఫంక్షన్‌లో నేను కళ్ళు మూసుకుని, తల వాల్చి, 'నేను లేని వీధిలో' అని మా బ్యాండు ముఖ్యగీతం అందుకున్నాను. పాప నాయనమ్మ స్టేజీ దగ్గరికొచ్చి, "ఏ ఊరు బాబూ మీది? ఒంట్లో బాగాలేకపోతే పడుకోకూడదా, ఇంత శ్రమ దేనికి" అని మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లో ఓడిపోయి, రచ్చలో మజ్జిగ తాగి వచ్చాను.

ఇలా ఏడాది నడిచాక మా నాన్న ఒకరోజు నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"ఒరే మధూ, ఎన్నాళ్ళిలాగ?"

"టైమ్ పడుతుంది నాన్నా. మా పాటలకి తగ్గ జనం ఇంకా దొరకలేదు."

"సరే, దొరకబుచ్చుకో. సొంతంగా ఒక్క కచేరీ పెట్టు. ఆ రోజు హాలు నిండితే నీ ఇష్టం వచ్చినన్నాళ్ళు పాడుకో, నేను నోరెత్తను. నిండకపోతే మర్నాటి నుంచి మావయ్య స్టీలు సామాన్ల కొట్లో కూర్చుంటావు. జుట్టు కత్తిరించుకుని మరీ."

"చుట్టాల్ని కూడా లెక్కలోకి తీసుకుంటారా?"

"జనం ఎవరైనా జనమేరా. కుర్చీలు నిండాలంతే."

నా బతుకంతా ఆ కుర్చీల మీద ఆధారపడింది. మావయ్య కొట్టు తలుచుకుంటే చాలు, గిన్నెల మీద పేర్లు చెక్కే మిషను చప్పుడు చెవుల్లో గింగిరాలు తిరిగేది. పెళ్ళికూతుళ్ళ పేర్లు పళ్ళేల మీద చెక్కుతూ ముసలివాణ్ణయిపోతానని నిద్రలో ఉలిక్కిపడేవాణ్ణి. సలీం వాళ్ళ నాన్న తెలిసినవాళ్ళతో చెప్పి వన్ టౌన్‌లో ఒక కమ్యూనిటీ హాలు ఇప్పించారు. ఆదివారం సాయంత్రం ఆరు గంటలకి కచేరీ.

జనం రావాలంటే ఫ్లెక్సీ కట్టాలి. మన దగ్గర పిల్లాడి చెవులు కుట్టించినా ఫ్లెక్సీయే, ఎమ్మెల్యే గారి తోడల్లుడికి జ్వరం తగ్గినా ఫ్లెక్సీయే. అక్కడే మా గొడవ మొదలైంది.

"ముగ్గురి ఫొటోలూ వేద్దాం. రంగురంగులుగా, వెనక మంటలు, పిడుగులు పెట్టి" అన్నాడు సలీం.

"మంటలా? మనమేమన్నా సర్కసా? బ్లాక్ అండ్ వైట్. నా ఒక్కడి ఫొటో. ఫ్రంట్‌మన్ మొహం గుర్తుండాలి జనానికి."

"కనీసం గిటారన్నా పట్టుకోరా."

"గిటారు పట్టుకుంటే గిటార్ల కొట్టు ప్రకటనలా ఉంటది. కళ్ళు మూసుకుని ఉన్న ఫొటో ఒకటుంది, అది వేద్దాం. నవ్వు ఉండకూడదు. ఒక్క చుక్క రంగు ఉండకూడదు."

"కచేరీ అని రాద్దామా?" అని విక్టర్ భయపడుతూ అడిగాడు.

"అక్కర్లేదు. అర్థం కావాల్సినవాళ్ళకి అర్థమవుతుంది" అన్నాను.

దేవుడి దయవల్ల ముగ్గురి ఫొటోలూ వెయ్యలేదు. వేసుంటే కారు యాక్సిడెంటు అనుకునేవాళ్ళు.

ఇంతకీ ఫ్లెక్సీలో ఏముందో చెబుతాను. పైన 'నేను లేని వీధిలో...' అని మా పాట పేరు. మధ్యలో కళ్ళు మూసుకుని, తల కొద్దిగా పక్కకి వాల్చిన నా నిలువెత్తు మొహం. దాని కింద 'మధు', ఆ కింద 'కరకట్ట'. అన్నిటికన్నా కింద 'ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు' అంటూ హాలు పేరు, 'అందరూ తప్పక రావలెను' అన్న మాట. మన ఊళ్ళలో తెలుపు నలుపు ఫొటో ఎప్పుడు కడతారో మీకు తెలుసు, నాకు తెలుసు, రిక్షావాడికి తెలుసు. కళాకారుణ్ణి కదా, ఆ పూట నాకది గుర్తు రాలేదు.

ఆర్డరివ్వడానికి విక్టర్‌ని పంపాను. వాడు చర్చి నుంచి సరాసరి వచ్చి, తెల్లచొక్కా తెల్లప్యాంటు మీదే ప్రాక్టీసు చేసి, మిర్చి ఘాటుకి కళ్ళూ ముక్కూ కారుతూ, తుడుచుకుంటూ షాపుకెళ్ళాడు. అక్కడ నడిచిన సంభాషణ తర్వాత వాడే నాకు పూసగుచ్చినట్టు చెప్పాడు.

షాపు ఆయన ఫోన్లో ఫొటో చూసి, విక్టర్ మొహం చూసి, లేచి వాడికి కుర్చీ వేశాడట.

"మంచినీళ్ళు తాగు బాబూ. నీకేమవుతాడు?"

"ఫ్రెండండి. చిన్నప్పట్నుంచీ కలిసే తిరిగాం."

"ఇంత చిన్న వయసులో ఏంటయ్యా ఇది."

"ఏం చెయ్యమంటారండి, ఎంత చెప్పినా వినలేదు. మొండోడు."

"కరకట్ట దగ్గరేనా?"

"ఆఁ, అక్కడే మొదలైందండి అంతా."

"అయ్యో. వాళ్ళ నాన్నగారు ఎలా ఉన్నారు?"

"ఆయన మాట్లాడ్డమే తగ్గించేశారండి."

"తగ్గించరా మరి. కన్నప్రాణం" అని ఆయన కూడా కళ్ళు తుడుచుకుని, "మూలల్లో రెండు దీపాలు పెడతాను బాబూ, కింద 'మిత్ర బృందం' అని వేస్తాను. వాటికేమీ ఇవ్వొద్దు" అన్నాడట. వీడు మసక కళ్ళతోనే స్క్రీను చూసి, దీపాలంటే స్టేజీ లైటింగు కాబోలనుకుని, "చాలా బాగుందండి, థాంక్సండి" అని చెయ్యి కలిపి వచ్చాడు. ఇబ్రహీంపట్నం సెంటర్లో ఒకటి, వన్ టౌన్ మార్కెట్ దగ్గర ఒకటి, మా అమ్మమ్మగారి ఊరని చల్లపల్లి సెంటర్లో ఒకటి కట్టమని చెప్పాడు. శనివారం తెల్లారేసరికి షాపువాళ్ళే కట్టేశారు.

నేను వాటిని చూడలేదు. ఎందుకంటే శుక్రవారం నుంచి గొంతు కాపాడుకోవడానికి మౌనవ్రతం పట్టాను. బుగ్గన కరక్కాయ, మెడకి మఫ్లరు, ఫోన్ స్విచాఫ్. ఇంకొంచెం ముందుకెళ్ళి, కచేరీ దాకా నేను ఎవరికీ దొరకనని చెప్పమని సలీంకి కాగితం మీద రాసిచ్చాను. మనిషి పోయాడని ఊరిని నమ్మించాలంటే ఇంతకన్నా పక్కాగా ఎవరూ ఏర్పాటు చెయ్యలేరు.

శనివారం పొద్దున మా నాన్న వచ్చి దుప్పటి లాగారు.

"ఒరే, లే."

నేను గొంతు చూపించి, మాట్లాడనన్నట్టు చెయ్యి ఊపాను.

"నువ్వు మాట్లాడక్కర్లేదులే. నువ్వు పోయావంట."

కరక్కాయ మింగేశాను.

"పాల కోసం సెంటర్‌కి వెళ్ళా" అన్నారు మంచం అంచున కూర్చుంటూ. "నీ ఫొటో కట్టారు. దీపాలున్నాయి. జనం వచ్చి నన్ను పట్టుకుని ధైర్యం చెబుతున్నారు. మావాడు ఇంట్లో నిద్రపోతున్నాడయ్యా అని చెప్పాను. పాపం, ఇంకా నమ్మలేకపోతున్నాడు అని నా చేత సోడా తాగించారు."

రోజంతా దాచుకున్న గొంతుతో నా నోటినుంచి వచ్చిన మొదటి మాట "ఎప్పుడు?" అని.

"ఎప్పుడు పోయావో వెయ్యలేదు. రేపు ఆరింటికి కార్యక్రమం అని మాత్రం ఉంది."

ఈలోగా వంటింట్లోంచి మా అమ్మ వచ్చింది. ముందురోజు రాత్రి నాకు స్వయంగా అన్నం వడ్డించిన మనిషి, పొద్దున్నే నా గురక విన్న మనిషి. అయినా నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని ఒక్కసారిగా ఏడ్చేసింది. "మీ నాన్న నోట అలాంటి మాట వినాల్సొచ్చింది కదరా" అని ఏడుపు మధ్యలో వీపు మీద ఒకటి వేసింది. నాకూ ఏడుపొచ్చింది. ఆ పూట నా బ్యాండు మీద నాకే అసహ్యం వేసింది. అమ్మ కళ్ళు తుడుచుకుని, "ముందు చల్లపల్లికి ఫోన్ చెయ్యండి, అమ్మకి తెలిస్తే తట్టుకోలేదు" అంది. మా అమ్మమ్మకి అప్పటికే ఎవరో చెప్పేశారు గానీ ఆవిడ నమ్మలేదట. "మొన్ననే కదా ఫోన్లో పాట వినిపించాడు. ఆడి పాట అలాగే ఉంటది, అది విని పోయాడనుకుని ఉంటారు" అందట. అమ్మమ్మ గొంతు విన్నాకే నా గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఇంటికొచ్చేవాళ్ళకి నేను చెప్పి పంపుతాను. ఫోన్లు మీ నాన్న చూసుకుంటారు. నువ్వెళ్ళి ఆ దరిద్రం పీకి రా" అంది అమ్మ. మా నాన్న వరండాలో పడక్కుర్చీ వేసుకుని, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను బండి తీస్తుంటే "అలాగేనండి... ధైర్యంగానే ఉన్నాం... రేపు ఆరింటికి" అని వినపడింది. ఆ మాట అప్పుడు పట్టించుకోలేదు.

నా ఫోన్ ఆన్ చేశాను. మా స్కూలు, కాలేజీ గ్రూపుల నిండా దణ్ణాలు, కొవ్వొత్తులు. ఏడో తరగతిలో నా చెయ్యి విరగ్గొట్టినవాడు "బంగారం లాంటి మనిషి" అని పెట్టాడు. కాలేజీలో నేను మూడేళ్ళు మూగగా చూసిన అమ్మాయి "చాలా మంచి గొంతు" అని రాసింది. బతికుండగా ఒక్క ముక్క అనలేదు చూడండి. "నేను బతికే ఉన్నాను" అని మెసేజ్ పెట్టాను. "ఆ ఫోన్ ఎవరి దగ్గరుందో గానీ, ఇలాంటి టైములో జోకులేంటి బ్రదర్" అని నలుగురు తిట్టారు. వీడియో తీసి పెట్టాను. అప్పుడు నమ్మారు. నమ్మాక ఇంకా కోపమొచ్చి కొవ్వొత్తులన్నీ డిలీట్ చేసుకున్నారు. మంచి గొంతు అన్న అమ్మాయి కూడా డిలీట్ చేసింది. అదొక్కటీ ఉంచి ఉండొచ్చు.

చల్లపల్లిది పీకించే పని అమ్మమ్మ చూసుకుంది. ఇబ్రహీంపట్నంది నేను పీకాను. ఆ తర్వాత సలీంతో కలిసి వన్ టౌన్ వెళ్ళాను. అక్కడ నా ఫ్లెక్సీ చూస్తే నాకే దుఃఖం వచ్చింది. బారెడు బంతిపూల దండ వేశారు. కింద అగరొత్తులు వెలుగుతున్నాయి. తోపుడు బండి తోసుకెళ్ళే ఆయన ఒకడు ఆగి, దణ్ణం పెట్టుకుని మరీ కదిలాడు. నేను హెల్మెట్ తియ్యకుండానే నిచ్చెన ఎక్కి తాడు మీద చెయ్యి వేశాను.

"ఏయ్, దిగు" అని అరిచాడు ఎదురుగా ఉన్న పప్పుల కొట్టాయన. "పోయినోడి ఫ్లెక్సీ పీకుతున్నావు, మనిషివేనా నువ్వు?"

క్షణంలో నిచ్చెన చుట్టూ జనం మూగారు.

"ఇది నాదేనండి" అన్నాను.

"స్థలం నీదా?"

"కాదండి, ఫొటో నాది. నేనే అతను."

హెల్మెట్ తీశాను. పప్పుల కొట్టాయన నన్ను చూశాడు, ఫ్లెక్సీని చూశాడు, పెదవి విరిచాడు. "పోలికలేమీ లేవే. ఆ అబ్బాయి మొహంలో ఒక కళ ఉంది" అన్నాడు.

"ఒట్టు బాబాయ్, వీడేనండి" అన్నాడు సలీం.

అప్పుడు గుంపులోంచి ఒక పెద్దాయన ముందుకొచ్చి, "ఒకసారి కళ్ళు మూసుకో బాబూ" అన్నాడు.

మూసుకున్నాను.

"తల కాస్త ఎడమ పక్కకి వాల్చు. అంత వద్దు. ఆఁ."

వన్ టౌన్ నడిబజార్లో, మిట్టమధ్యాహ్నం ఎండలో, నిచ్చెన మీద, కళ్ళు మూసుకుని, తల వాల్చి నిలబడ్డాను. ఆటోలు హారన్లు కొడుతున్నాయి. పెద్దాయన కాసేపు పరీక్షగా చూసి, "ఇతనే. పోయినప్పుడే బాగున్నాడు" అని తీర్పు చెప్పాడు. జనం కొంచెం నిరాశగానే విడిపోయారు. పప్పుల కొట్టాయన మాత్రం, "ఆ దండ నువ్వే తీసుకుపో నాయనా. ఒకసారి వేసింది మళ్ళీ ఇంకెవరికీ పనికిరాదు" అన్నాడు. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు అంటారు. నేను చావూ అయ్యి, కన్నూ మూసి, మెడలో దండతో ఇంటికొచ్చాను.

ఇంట్లో అడుగుపెడుతూనే, "నాన్నా, ఇంత జరిగింది కదా. కచేరీ ఒక వారం వెనక్కి జరుపుదామా?" అని నసిగాను.

"మాట మాటే" అన్నారాయన. "రేపు కుర్చీలు నిండాలి. లేకపోతే ఎల్లుండి నుంచి కొట్టు."

ఆదివారం అయిదున్నరకి హాల్లో తెర వెనక కూర్చుని నా పరిస్థితి బేరీజు వేసుకున్నాను. స్కూలువాళ్ళకి కోపం, కాలేజీవాళ్ళకి కోపం. ఫ్లెక్సీలు లేవు. పోయాననుకుంటే వచ్చేవాళ్ళు, బతికున్నానని తెలిశాక ఎందుకొస్తారు? బతికున్న నా పాట వినడానికి ఈ ఊళ్ళో ఒక్కడూ ఇల్లు కదలడని అప్పటికి నాకు బాగా అర్థమైంది. మావయ్య కొట్లో మిషను చప్పుడు చెవుల్లో మొదలైంది. నల్లచొక్కా, నల్లప్యాంటు వేసుకుని, కళ్ళకి కాటుక పెట్టుకుని, ఉరికంబం ఎక్కేవాడిలా ఆరింటి కోసం చూస్తున్నాను.

విక్టర్ తెర సందులోంచి చూసి వెనక్కొచ్చాడు. వాడి మొహం పాలిపోయింది.

"హాలు నిండిపోయిందిరా."

"హాస్యాలాడకు."

"మా అమ్మతోడు. వెనక గోడకి ఆనుకుని కూడా నిలబడ్డారు. కానీ అందరూ తెల్లబట్టల్లోనే ఉన్నారు. ఎవడూ మాట్లాడ్డంలేదు."

నేను కన్ను పెట్టి చూశాను. నిజమే. తెల్లచీరలు, తెల్లపంచెలు, చేతుల్లో రుమాళ్ళు. తెరకి అవతల, స్టేజీ ముందు ఒక కుర్చీ వేసి, దాంట్లో నా ఇంటర్మీడియెట్ ఫొటో పెట్టి, దీపం వెలిగించారు ఎవరో పుణ్యాత్ములు. మా నాన్నతో థర్మల్‌లో పనిచేసి రిటైరైన కోటేశ్వరరావు గారు మైకు అందుకున్నారు. ఆయన పెళ్ళికైనా, చావుకైనా మైకు కనపడితే వదలరు.

"మధు మృదుస్వభావి" అని మొదలుపెట్టారు. "పెద్దలంటే గౌరవం. తండ్రి మాటకి ఏనాడూ ఎదురు చెప్పినవాడు కాదు."

ముందు వరసలో మా నాన్న దగ్గారు.

"రేయ్, చెప్పేద్దాం పద, పాపం" అన్నాడు సలీం.

"ఇంకొంచెం మాట్లాడనియ్యి" అన్నాను. నా గురించి అంత మంచిగా నేనెప్పుడూ వినలేదు మరి.

"అతని గానం అమృతం" అన్నారు కోటేశ్వరరావు గారు. ఆయన నా పాట ఒక్కసారి కూడా వినలేదు. "ఆ గొంతు ఇక మనకి వినపడదు" అని కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

అసలు దెబ్బ అప్పుడు తగిలింది. తెర లాగేవాడికీ, పొగ మిషను నడిపేవాడికీ విక్టర్ ముందే చెప్పి ఉంచాడు, సరిగ్గా ఆరు కాగానే కానివ్వమని. ఆరయింది. తెర తొలగింది. తెల్లటి పొగ స్టేజీ అంతా కమ్మింది. ఆ పొగలో నల్లబట్టలతో, విరబోసుకున్న జుట్టుతో, కాటుక కళ్ళతో నేను నిలబడి ఉన్నాను. చెయ్యెత్తి, "నమస్కారం విజయవాడ" అన్నాను.

కోటేశ్వరరావు గారి చేతిలోంచి మైకు జారిపడి కుయ్యిమంది. ముందు వరసలు లేచి వెనక వరసల మీద పడ్డాయి. ఎవరో ఆంజనేయ దండకం అందుకున్నారు, విక్టర్ వాళ్ళ చర్చి ఆంటీ స్తోత్రం స్తోత్రం అంటోంది, బాషా గారు గుండె మీద చెయ్యేసుకుని కళ్ళు మూసుకున్నారు. ఆ గోలలో ఒక ముసలావిడ గొంతు స్పష్టంగా వినపడింది.

"పరిగెత్తకండి. ముందు ఆడి కాళ్ళు చూడండి. వెనక్కి తిరిగున్నాయా, ముందుకున్నాయా?"

పదిమంది సెల్ ఫోన్ల లైట్లు నా పాదాల మీద పడ్డాయి. పొగలో కనపడక ఒకాయన వంగి చేత్తో తడిమి చూశాడు. నేను మా నాన్న వైపు చూశాను. ఆయన ఒక్కరే కుర్చీలోంచి కదల్లేదు. తీరిగ్గా కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"ముందుకే ఉన్నాయి" అని కేకేశాడు తడిమినాయన. "వేళ్ళు వెచ్చగానే ఉన్నాయండీ."

హాలు హాలంతా ఒక్క నిట్టూర్పు విడిచింది. అలాంటి చప్పుడు నేను ఏ కచేరీలోనూ వినలేదు, చప్పట్లు దాని ముందు బలాదూరు. ఆడవాళ్ళు ఏడుస్తూ నవ్వుతూ స్టేజీ ఎక్కి నా బుగ్గలు గిల్లారు. కోటేశ్వరరావు గారు నన్ను కావలించుకుని, "నీ మీద అంత మంచి ఉపన్యాసం రాసుకొచ్చాను కదరా" అని వాపోయారు. చివరికి కాళ్ళు చూడమన్న ముసలావిడే, "ఇంత దూరం వచ్చాం, ఊరికే పోవడమెందుకు, ఏదో ఒకటి పాడు" అని కూలబడింది. అందరూ కూర్చున్నారు.

'నేను లేని వీధిలో' పాడాను. ఇన్నాళ్ళూ జనం మజ్జిగ ఇచ్చిన పాట, కరెంటు తీసేసిన పాట. ఆ రోజు మాత్రం రెండో చరణానికి హాల్లో పొడి రుమాలు లేదు. ఏడవడానికి సిద్ధపడి వచ్చి, ఏడవాల్సిన పని లేకుండా పోయినవాళ్ళు కదా, ఆ కన్నీళ్ళన్నీ నా పాట మీద పోసేశారు. అయిపోగానే మళ్ళీ పాడమన్నారు. సలీం తుమ్మలేదు. విక్టర్ కళ్ళు మాత్రం మిర్చి లేకుండానే ఎర్రబడ్డాయి.

అందరూ వెళ్ళాక కుర్చీలు మడత పెడుతున్న మా నాన్న దగ్గరికెళ్ళాను.

"హాలు నిండింది నాన్నా."

"నిండింది."

"కానీ ఒకటి అర్థం కాలేదు. నేను బతికున్నానని నిన్న మధ్యాహ్నానికే అందరికీ తెలిసిపోయింది కదా. మరి వీళ్ళంతా ఎవరు?"

"ఫోన్లు చేసినవాళ్ళు."

"మీరు చెప్పలేదా వాళ్ళకి?"

"నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదురా" అన్నారు, చల్లగానే. "అవన్నీ ఫోన్లో చెప్పుకునేవి కావండి, ఆదివారం ఆరింటికి హాలుకి రండి, అక్కడ వాణ్ణి చూద్దురుగాని అన్నాను. చూశారుగా. బీపీ ఉన్నవాళ్ళకి మాత్రం నిజం చెప్పేశాను."

హాలు నిండకూడదని కోరుకోవాల్సిన మనిషి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా పడక్కుర్చీలో కూర్చుని, ఒక్కొక్క కుర్చీ నింపారన్నమాట.

"ఎందుకు నాన్నా?"

ఆయన ఇంకో కుర్చీ మడిచారు. "నువ్వు ఇంట్లో పడుకుని ఉన్నావని తెలుసు. అయినా సెంటర్లో ఆ ఫొటో చూసేసరికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. పాలు పారబోసుకుని పరిగెత్తుకొచ్చా. గుమ్మంలో నీ గురక వినపడింది. అంత మంచి సంగీతం నేనెప్పుడూ వినలేదురా. వీడు ఉంటే చాలు, ఏం పాడుకుంటే నాకెందుకు అనుకున్నా." మడిచిన కుర్చీ గోడకి ఆనించి, "నీ పాట కన్నా ఆ గురకే నయం. అది మాత్రం నిజం" అన్నారు.

నేను నవ్వబోయి ఏడ్చాను. మావయ్య కొట్లో మిషను చప్పుడు ఆ రోజుతో నా చెవుల్లోంచి పోయింది.

అప్పటినుంచీ కరకట్ట బ్యాండుకి ఖాళీ లేదు. పెళ్ళిళ్ళకి ఇప్పటికీ ఎవరూ పిలవరు. కానీ కృష్ణా డెల్టాలో ఎక్కడ వర్ధంతి సభ జరిగినా, విక్టర్ వాళ్ళవైపు జ్ఞాపకార్థ కూడిక జరిగినా, పెద్దకర్మ భోజనాలు జరిగినా మమ్మల్నే పిలుస్తారు. "ఆ అబ్బాయి పాడితే దుఃఖం తీరిపోతుందండీ" అంటారు. మాకు తగ్గ జనం దొరకలేదని నేను వాపోయేవాణ్ణి కదా, వాళ్ళు ఉన్నారు, సరైన రోజున వాళ్ళ దగ్గరికి వెళ్ళాలంతే. మమ్మల్ని ఆ దారి పట్టించిన ఫ్లెక్సీ షాపు ఆయనకి ఏటా స్వీట్లు ఇస్తాం. నన్ను చూసిన ప్రతిసారీ ఆయన ముందు నా కాళ్ళ వంక ఒక చూపు చూసి, ఆ తర్వాతే పలకరిస్తాడు.

ఇక ఆ రోజు వేసిన దండ సాక్షిగా, సకల పాఠకుల ఎదుట నా శపథం. ఇకమీదట నా ఫొటో ఎక్కడ కట్టినా ఏడు రంగులూ ఉంటాయి, పసుపు చొక్కా ఉంటుంది, ముప్పై రెండు పళ్ళూ కనపడతాయి. సలీం అడిగిన మంటలూ పిడుగులూ కూడా వెనక ఉంటాయి. ఏనాడో ఒకనాడు నేను నిజంగానే పోయినప్పుడు కూడా ఆ ఫొటోయే వెయ్యమని ఇంట్లో చెప్పి ఉంచాను. అది చూసి జనం కచేరీ అనుకుని వచ్చేస్తే రానివ్వండి, హాలు నిండటం ముఖ్యం.